జిల్లేడుపల్లి కల్వర్టు శిలాఫలకం

ఆ ఆదివారం పొద్దున వామన్‌రావు వేసుకున్న పథకం చాలా చిన్నది. నాంపల్లిలో ఇంటి నుంచి అబిడ్స్ దాకా నడిచి వెళ్లడం, విజయేందర్ చెప్పుల దుకాణం పైగదిలో కూర్చుని ఒక తేదీ ఖాయం చేయడం, వచ్చేటప్పుడు మొజంజాహీ మార్కెట్లో మామిడిపండ్లు కొనుక్కుని ఎండ ముదరకముందే ఇల్లు చేరడం. అంతకుమించి ఆ రోజుకు ఆయనకు వేరే కోరిక లేదు.

"మీటింగుకు పోతున్న. గంటల వస్త" అన్నాడు భార్య అహల్యతో.

"మీ మీటింగు గంటల అయింది ఎప్పుడన్న ఉన్నదా?"

"గీసారి మాట్లాడేదే లేదు. అంతా అయిపోయింది. తారీకు పెట్టుడే."

నిజంగానే అంతా అయిపోయింది. జిల్లేడుపల్లిలో పుట్టి హైదరాబాదులో స్థిరపడినవాళ్లంతా ఒక సంఘం పెట్టుకుని చాలా ఏళ్లయింది. ఇన్నేళ్లలో ఆ సంఘం ఒకరికొకరు శాలువాలు కప్పుకోవడం తప్ప మరొకటి చేసిన దాఖలా లేదు. మొదటిసారిగా ఒక పని తలకెత్తుకుంది. ఊరికీ పెద్ద రోడ్డుకూ మధ్య వాగు, వాగు మీద కల్వర్టు, కల్వర్టు మధ్యలో పలక విరిగి మూడడుగుల గండి. మనిషి ఒక్కడైతే దూకవచ్చు, అంచుల మీద నలుగురు నిలబడితే పెళ్లలు ఊడతాయి, బండి దాటలేదు. బాగు చేయమని ఊరివాళ్లు పెట్టిన అర్జీ పైకి వెళ్లింది కానీ ఇంకా కిందికి దిగలేదు. అందుకని ఊరంతా కలిసి శ్రమదానం చేస్తామన్నారు. పంచాయతీ సరే అంది. సిమెంటూ ఇనుమూ హిమాయత్‌నగర్‌లో సిమెంటు వ్యాపారం చేసే వరప్రసాద్ ఇస్తానన్నాడు. వరప్రసాద్ వాళ్లది గోదావరి ప్రాంతం, జిల్లేడుపల్లితో ఏ చుట్టరికమూ లేదు. విజయేందర్‌కు స్నేహితుడు కావడం ఒక్కటే ఆయన చేసిన నేరం.

వామన్‌రావుకు మాత్రం అది సంఘం పని కాదు. నిరుడు వానల్లో ఆయన తమ్ముడు శ్యామ్‌సుందర్ ఛాతీ పట్టుకుని కూలబడ్డప్పుడు అంబులెన్సు వచ్చింది. వచ్చి గండికి ఈవల ఆగిపోయింది. మంచం మీద పడుకోబెట్టి, నలుగురు మోసుకుని, నడుం లోతు నీళ్లలో వాగు దాటించి తీసుకొచ్చేసరికి అంబులెన్సుతో అవసరం తీరిపోయింది. ఇప్పుడు ఆ తమ్ముడి కూతురు రాణి కాన్పుకు పుట్టింటికి వచ్చి ఉంది. నెలలు నిండుతున్నాయి. నాంపల్లికి తీసుకొస్తామంటే వినలేదు. సంవత్సరీకం కానిదే తల్లి ఊరు విడిచి రాదు, తల్లిని ఒక్కదాన్నీ విడిచి తను రాదు. వానలు పడేలోగా ఆ గండి మూతపడాలి. వామన్‌రావు రోజూ రెండు పూటలా ఆకాశం వైపు చూస్తున్నది అందుకే.

సమావేశంలో తేదీ నిజంగానే తొందరగా ఖాయమైంది. వచ్చే ఆదివారమే పని మొదలు. వామన్‌రావు కండువా దులుపుకుని లేచాడు. అప్పుడు సంఘం అధ్యక్షుడు అమరేశ్వరరావు గొంతు సవరించుకున్నాడు. ఆయన ఏదో శాఖలో పెద్ద హోదాలో రిటైరైన మనిషి. ఇంట్లో మంచినీళ్లు అడిగినా వేదిక మీద అడిగినట్టే అడుగుతాడు.

"అందరూ లేస్తున్నారు. మరి శిలాఫలకం సంగతి?"

"శిలాఫలకం ఎందుకు సార్, మూడడుగుల గండికి?" అన్నాడు వామన్‌రావు.

"శిలాఫలకం లేకుండా పని మొదలుపెడితే దాన్ని శంకుస్థాపన అనరు వామన్‌రావుగారూ, మట్టి తవ్వుకోవడం అంటారు."

ఈ మాటకు ఎదురు చెప్పగలిగిన మనిషి ఆ గదిలో లేడు. వాళ్లు చూసిన బోరింగు మీదా, బస్ షెల్టరు మీదా, స్మశానం గోడ మీదా ఒక రాయి ఉంది, రాయి మీద పేర్లున్నాయి. బోరింగు ఎండిపోయిన చోట కూడా రాయి చెక్కుచెదరకుండా ఉంది. కాబట్టి రాయి ఉండాల్సిందేనని తీర్మానించారు. చిన్నది, మూరెడు. మీద మూడే పేర్లు. అధ్యక్షుడు, కార్యదర్శి విజయేందర్, దాత వరప్రసాద్.

అప్పుడు వామన్‌రావు చేయకూడని పని ఒకటి చేశాడు. తలుపు దాకా వెళ్లినవాడు వెనక్కి తిరిగాడు.

"సార్, ఒక మాట. రాయి ఎట్లాగూ పెడుతున్నరు గద. నా తమ్ముని పేరు జర ఒక మూలకు…" అని ఆగిపోయాడు.

విజయేందర్ లేచివచ్చి ఆయన భుజం మీద చేయి వేశాడు. "అడగాల్నా అన్నా? శ్యామన్న పేరు లేకుంటే ఆ రాయి ఎందుకు?" అన్నాడు. అందరూ ఔనన్నారు. ఆ క్షణంలో వాళ్ల మంచితనాన్ని ఎవరూ శంకించలేరు. అయితే ఆ మంచితనం చెమ్మ ఆరకముందే విజయేందర్ మళ్లీ అన్నాడు:

"గట్లనే మా తాత పేరు గూడ పెట్టుకుందాం. మొదాలు ఆ కల్వర్టు కట్టినప్పుడు రాళ్లు మోసింది ఆయనే."

వరప్రసాద్ చేతులు జోడించాడు. "నా పేరు మాత్రం తీసేయండి. నాకు అలాంటివి ఇష్టం ఉండవండీ. కావాలంటే మా నాన్నగారి పేరు వేయండి. కొంచెం పైన."

ఆ రోజు వామన్‌రావు మామిడిపండ్లు లేకుండా, మధ్యాహ్నం దాటాక ఇల్లు చేరాడు. అహల్య గడియారం వైపు ఒకసారి చూసి అన్నం వడ్డించింది.

రాళ్లు చెక్కే వెంకటేశ్ దుకాణం నాంపల్లి స్టేషనుకు దగ్గరలో ఒక ఇరుకు గల్లీలో ఉంది. సమాధి రాళ్లూ, ఇంటిపేరు పలకలూ, ప్రారంభోత్సవ ఫలకాలూ అన్నీ చెక్కుతాడు. సమావేశం నుంచే ఎవరో మొదటి మూడు పేర్లు ఫోన్లో చెప్పేశారు; మూరెడు రాయి సగం చెక్కి ఉండగా తమ్ముడి పేరూ తాత పేరూ నాన్నగారి పేరూ వచ్చాయి. "చెక్కిన రాయిని చెరుపరాదు సార్, కొత్త రాయే" అన్నాడు. రెండడుగుల రాయి తీశాడు. ఈలోగా విజయేందర్ తాత పేరు ఎక్కుతోందన్న వార్త ఊరికి చేరింది. జిల్లేడుపల్లిలో తాత లేని ఇల్లు లేదు.

ఫోన్లు మొదలయ్యాయి. ఒక వాడ పేర్లుండి మరో వాడ పేర్లు లేకపోతే శ్రమదానానికి గడ్డపార పట్టేది లేదన్నారు. ఇప్పటి సర్పంచి పేరుంటే మాజీ సర్పంచి పేరుండాలన్నారు. మాజీ పేరుంటే ఆయన మీద నిలబడి ఓడిపోయిన ఆయన పేరూ ఉండాలన్నారు, ఓడిపోవడానికి కూడా ఖర్చవుతుందని. చనిపోయినవాళ్లకు కీర్తిశేషులని ఒక శీర్షిక పెట్టారు. అది చూసి బతికున్నవాళ్లు తమ పేర్ల ముందు కూడా ఏదో ఒకటి ఉండాలన్నారు. అమరేశ్వరరావు హోదాలన్నీ కలిపి రెండు వరుసలు పట్టాయి. కాచిగూడలో ఉండే ఒక పెద్దమనిషి ఆలస్యంగా కబురు పంపాడు. అప్పటికి కీర్తిశేషుల వరుసలో తప్ప ఖాళీ లేదు. ఆ సంగతే ఆయనకు చెప్పారు. "పరవాలే, ఎప్పటికైనా పోయేటోన్నే గదా" అని ఆయన ఒప్పుకున్నాడు.

అనుకున్న ఆదివారం దాటిపోయింది. దాని తర్వాతి ఆదివారమూ దాటింది. రాయి నాలుగడుగులైంది, ఆరైంది, చివరికి ఎనిమిదడుగుల పొడవూ ఆరడుగుల వెడల్పూ అయింది. అంత పెద్ద రాయి పలుచగా ఉంటే బండిలోనే పగులుతుందని వెంకటేశ్ అర్ధడుగు మందం గల గ్రానైటు తెప్పించాడు. అంత బరువైన రాయి ఊరికే నిలబడదు కనుక దానికొక దిమ్మె కట్టాలన్నారు. దిమ్మెకు సిమెంటు కావాలి. కల్వర్టు కోసం వరప్రసాద్ పక్కన పెట్టిన బస్తాల్లో సగం దిమ్మెకు కేటాయించారు.

"మిగిలిన సగంతోటి గండి పూడుతదా?" అని అడిగాడు వామన్‌రావు.

"ముందు ఫలకం నిలబడనివ్వండి" అన్నాడు అమరేశ్వరరావు. "గండి ఎక్కడికీ పోదు."

ఆ రాత్రి భోజనాల వేళ రాణి ఫోన్ చేసింది.

"పెద్దబాపూ, గీడ మొగులు పట్టింది, వాన వచ్చేటట్టున్నది. పని ఎప్పుడు మొదలువెడ్తరు?"

"రాయి అయితున్నది బిడ్డా."

"రాయి ఎందుకు? సిమెంటుతోని గద కట్టేది?"

వామన్‌రావు మాట మార్చాడు. ఒంట్లో ఎట్లుందని అడిగి పెట్టేశాడు. ఇదంతా తను తలుపు దగ్గర వెనక్కి తిరిగి అడిగిన ఒక్క పేరుతో మొదలైందని ఆయనకు తెలుసు. తెలిసి కూడా ఆ పేరు తీసేయమనడానికి మనసొప్పలేదు. వెంకటేశ్ దుకాణానికి వెళ్లినప్పుడల్లా కింది వరుసలో తమ్ముడి పేరు దగ్గర వంగి, గాడిలో చేరిన రాతిపొడి వేలితో తుడిచేవాడు.

"ఫికర్ చేయకండి, నేను చూసుకుంట" అనేవాడు వెంకటేశ్.

రాయి మృగశిర కార్తె నాటికి తయారైంది. ఆ రోజు ఎగ్జిబిషన్ మైదానంలో చేప మందు పంచుతారు. ఉబ్బసం ఉన్నవాళ్లూ, వాళ్లను పట్టుకొచ్చినవాళ్లూ నాంపల్లి అంతా నిండిపోతారు. తెల్లవారుజామునే రాయి ఎత్తించి జనం చేరకముందే గల్లీ దాటించాలని వెంకటేశ్ లెక్క. అయితే ఆ లెక్కలో దుకాణం తలుపు లేదు. రాయి లోపల పెరిగినంతగా తలుపు పెరగలేదు. షట్టరు ఊడదీశారు, చాలలేదు. పక్క గోడ నాలుగు వరుసలు తీశారు. అప్పటికి గల్లీ నిండా చేప మందుకు పోయే జనం. ఇదేదో కొత్త వరుస అనుకుని కొందరు రాయి వెనక నిలబడ్డారు. వాళ్లకు సంగతి చెప్పి, వాళ్లచేతే ఒక చెయ్యి వేయించి, డీసీఎం బండిలో రాయిని ఎక్కించేసరికి పొద్దెక్కింది.

అప్పుడు వరప్రసాద్ సిమెంటు బస్తాలతో వచ్చాడు.

"ఇవెక్కడ వేయాలండీ?"

"రాయి మీద వేస్తే పలుగుతది సార్. పక్కకు జాగ లేదు" అన్నాడు వెంకటేశ్.

"మరి ఇనుము?"

"దానికీ లేదు."

సిమెంటూ ఇనుమూ గల్లీలోనే దిగిపోయాయి. కల్వర్టు బాగు చేయడానికి ఎదురుచూస్తున్న ఊరికి, కల్వర్టు బాగు చేసేవాళ్ల పేర్లు రాసి ఉన్న రాయి మాత్రం బయలుదేరింది. రాయి దింపడానికి చైను పుల్లీ వేసుకుని వెంకటేశ్ బండిలో కూర్చున్నాడు. సంఘం పెద్దలు వెనకాల కార్లలో రావాలి.

వాళ్లు అబిడ్స్ దాటలేదు. బండి ఎక్కించే ముందు వెంకటేశ్ తీసి పంపిన ఫోటోను అమరేశ్వరరావు కారులో పెద్దది చేసి చూసుకున్నాడు. వరప్రసాద్ నాన్నగారి పేరు పైనుంది. అధ్యక్షుడి పేరు దాని కింద మొదలైంది. ఆయన కారు ఆపించి, అందరినీ విజయేందర్ దుకాణం పైగదికి రమ్మన్నాడు. అత్యవసర సమావేశం.

"ఆ రాయిని వెనక్కి పిలిపించండి. ఈ స్థితిలో ప్రతిష్ఠించడానికి వీల్లేదు."

"మా నాన్నగారు పోయి ఇరవై ఏళ్లయిందండీ. ఆయన మీకు పోటీనా?" అన్నాడు వరప్రసాద్.

"పోటీ అని కాదు. ప్రోటోకాల్."

బయట సన్నగా వాన మొదలైంది. కిటికీ దగ్గర నిలబడ్డ వామన్‌రావు తల బయటికి పెట్టి ఆకాశం వైపు చూశాడు. చాయ్‌లు వచ్చాయి. ప్రోటోకాల్ మీద చర్చ మధ్యాహ్నమయ్యేదాకా, నాలుగో చాయ్ దాకా సాగింది. అప్పుడు ఆయన ఫోన్ మోగింది. వెంకటేశ్.

"సార్, కల్వర్టు కాడికి వచ్చినం. గీడ వాన దంచుతున్నది. వాగు నిండుగ వస్తున్నది. మా ఎనుక అంబులెన్సు నిలవడ్డది సార్. ఆవల మీ రాణమ్మ ఉన్నది. నొప్పులు మొదలైనయంట. ట్రాక్టర్ల పండుకోబెట్టి గండి దాకా తెచ్చిన్రు. నీళ్లల్ల దింపుదామంటే ఎవ్వరికి ధైర్యం చాలుత లేదు."

వామన్‌రావు ఫోన్‌ను చెవికి గట్టిగా అదుముకున్నాడు. వేలు తగిలి ఫోన్ స్పీకరులో పడింది. వాన చప్పుడు గదంతా నిండింది.

"శ్రమదానానికని ఊరోళ్లంతా గడ్డపారలు పట్టుకుని ఉన్నరు సార్" అంటున్నాడు వెంకటేశ్. "సిమెంటు ఏదని అడుగుతున్నరు. నేనేం చెప్పాలె? ఒక్కటే తొవ్వ కనవడుతున్నది. ఈ రాయి ఎనిమిదడుగులు. గండి మూడడుగులు, రెండు దిక్కులా గట్టి పలక మీద ఆనుతది. చైను పుల్లీ ఉన్నది. మీరు ఔ అంటే పరుస్త."

గదిలో ఎవరూ చాయ్ తాగడం లేదు. మొదట తేరుకున్నది అమరేశ్వరరావు.

"పరవడమంటే… శిలాఫలకాన్నా?"

"ఔ సార్. అక్షరాలు మీదికి పెట్టాల్నా, కిందికి పెట్టాల్నా? అది చెప్పండి జల్ది."

"పైకే! కనీసం కనిపిస్తాయి" అన్నాడు అమరేశ్వరరావు.

"మీదికి పెడితే మా తాత పేరు మీదకెల్లి బర్రెలు నడుస్తయి సార్!" అన్నాడు విజయేందర్.

"కిందకి పెడితే ఎవరు చూస్తారండీ?" అన్నాడు వరప్రసాద్. "చేపలా?"

"ఓటింగు పెట్టి…" అని ఎవరో అన్నారు.

"చుప్!" అన్నాడు వామన్‌రావు. నలభై ఏళ్ల గుమాస్తా ఉద్యోగంలో ఆయన ఎవరినీ ఆ మాట అనలేదు. ఫోన్ నోటి దగ్గరికి తెచ్చుకున్నాడు. "వెంకటేశ్, అక్షరాలున్న దిక్కు పాలిష్ ఉన్నది. వానకు చక్రాలు జారుతయి. గరుకు దిక్కు మీదికి పెట్టు. అక్షరాలు కిందికి. నా తమ్ముని పేరు గూడ అండ్లనే ఉన్నది. వెయ్."

ఎవరూ కాదనలేదు. కాదంటే ఏం వినవలసి వస్తుందో ఆయన ముఖంలోనే కనిపిస్తోంది.

ఫోన్ పెట్టేయలేదు. అబిడ్స్‌లో చెప్పుల దుకాణం మీద కూర్చుని వాళ్లంతా జిల్లేడుపల్లిలో జరుగుతున్నది విన్నారు. గొలుసు గరగరా తిరిగింది. ఎవరో "ఐసా" అన్నారు, ఊరంతా అందుకుంది. ఈ వాడా ఆ వాడా, ఇప్పటి సర్పంచీ మాజీ సర్పంచీ, ఓడిపోయినాయనా, ఎవరి గొంతు ఏదో తెలియకుండా ఒకటే కేక. గడ్డపారలు రాతికి తగిలాయి. తర్వాత పెద్ద చప్పుడు. వామన్‌రావు కళ్లు మూసుకున్నాడు. విజయేందర్ ఆయన చేయి పట్టుకున్నాడు. అమరేశ్వరరావు ఎప్పుడు లేచి నిలబడ్డాడో ఆయనకే తెలియదు.

ఇంజను అందుకుంది. డీసీఎం పక్కకు తప్పుకున్నాక అంబులెన్సు మెల్లగా ఆవలికి పోయింది. కొంతసేపు వాన తప్ప మరేమీ వినిపించలేదు. మళ్లీ ఇంజను చప్పుడు, ఈసారి ఇటువైపు. వెంకటేశ్ ఫోన్‌ను ఎవరికో అందించినట్టున్నాడు.

"పెద్దబాపూ" అన్నది రాణి. "దాటినం."

వామన్‌రావు ఏడ్చాడు. అందరి ముందూ, చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. నిరుడు తమ్ముడి కోసం ఏడవాల్సింది కూడా అప్పుడే ఏడ్చాడేమో. వరప్రసాద్ తన కండువా తీసి ఇచ్చాడు. "పోనివ్వండి వామన్‌రావుగారూ, మా నాన్న కూడా కింద పడుకుని మోశాడు కదండీ" అన్నాడు. నవ్వించాలనే అన్నాడు.

సాయంత్రానికి దవాఖాన నుంచి కబురొచ్చింది. ఆడపిల్ల. తల్లీ బిడ్డా క్షేమం. అహల్య అప్పటికప్పుడు చీరెలు సర్దుకుంది. సంవత్సరీకాలూ ఆచారాలూ తర్వాత చూసుకుందామని, తోడికోడలితో సహా ముగ్గురినీ తెచ్చి నాంపల్లిలో పెట్టుకుంటానని చెప్పేసింది. ఆమెకు ఎదురు చెప్పాలని ఎవరికీ అనిపించలేదు.

గల్లీలో దిగిపోయిన సిమెంటును మరునాడే పంపారు. ఊరివాళ్లు రాయి చుట్టూ ఇనుము కట్టి, సిమెంటు పోసి, అంచులు కలిపేశారు. దిమ్మె ఊసు ఎవరూ ఎత్తలేదు. వారం తిరిగేసరికి రాత్రి బస్సు ఊళ్లోకి రావడం మొదలైంది. పాల వ్యాను కూడా వస్తోంది. రాయి కదలలేదు. ఇక కదిలేది కూడా లేదు.

విచిత్రమేమిటంటే పేర్ల తగాదా దానంతటదే సర్దుకుంది. ఫోటో తెరిచి చూసేవాడు కూడా లేడు కనుక వరుసలో ఎవరు ముందున్నారో చెప్పగలిగినవాడూ లేడు. మొదటి పేరు తమ తాతదేనని విజయేందర్ నమ్మకంగా చెప్తాడు. అమరేశ్వరరావు తన పేరు పైన చెక్కినా కింద చెక్కినా ఇప్పుడు అన్ని పేర్లూ కిందే కదా అని సరిపెట్టుకున్నాడు. కాచిగూడ పెద్దమనిషి ఇంకా బతికే ఉన్నాడు, ఆరోగ్యంగా.

సంఘం తర్వాతి సమావేశం చాలా ప్రశాంతంగా జరిగింది. ఇంత మంచి పని చేసిన సంగతి రాబోయే తరాలకు తెలియకుండా పోకూడదని, పరిచిన రాయి శిలాఫలకమేనని తెలిపే మరో చిన్న శిలాఫలకాన్ని కల్వర్టు పక్కన పెట్టాలని అధ్యక్షుడు ప్రతిపాదించగా సభ ఏకగ్రీవంగా ఆమోదించింది. దాని మీద ఎవరి పేరూ ఉండరాదని వామన్‌రావు పెట్టిన సవరణ మాత్రం వీగిపోయింది.